396 మీటర్లు వారంలో 338 ఎలా అయింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందూ, కీమో మధ్యలోనూ చేయించే నడక పరీక్షల గురించి గత సంచికలో నాలుగు మాటలు రాశాం. దానికి చెన్నైలో కాపురముంటున్నవారి నుంచీ, నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి వచ్చి ఇక్కడి లాడ్జీల్లో ఉంటున్నవారి నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. ఆపరేషన్ చేయొచ్చా లేదా అని చూడటానికి ఒక ఆసుపత్రిలో ఆరు నిమిషాలు నడిపిస్తే 396 మీటర్లు వచ్చింది. వారం తర్వాత రెండో అభిప్రాయానికి ఇంకోచోటికి వెళ్తే 338 అన్నారు. వారంలో అంత దిగజారిపోయారా? రెండు రిపోర్టులూ జతచేస్తున్నాను.
– కొళత్తూరు

జవాబు: మీరు పంపిన కాగితాల్లోనే జవాబుంది. మొదటి రిపోర్టులో ట్రాక్ పొడవు 30 మీటర్లు, రెండో దాంట్లో 12 మీటర్లు అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. 30 మీటర్ల వరండాలో 396 మీటర్లు నడవాలంటే 13 సార్లు వెనక్కి తిరిగితే చాలు. 12 మీటర్లలో 338 నడవడానికి 28 సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గించుకుని, ఒళ్లు తిప్పి, మళ్లీ మొదటి వేగం అందుకోవాలి. ఆయాసం ఉన్నవాళ్లకు ఆ అందుకోవడంలోనే సగం సత్తువ పోతుంది. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగులను 10 మీటర్ల ట్రాక్‌లోనూ 30 మీటర్ల ట్రాక్‌లోనూ నడిపించి పోల్చినప్పుడు సుమారు 50 మీటర్ల తేడా కనిపించింది. మీ నాన్నగారి తేడా 58. కాబట్టి ముందు అనుమానించాల్సింది వరండాని, తర్వాతే ఊపిరితిత్తిని.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ట్రాక్ 30 మీటర్లు ఉండాలి. చదునుగా, గట్టి నేలతో, స్ట్రెచర్లూ టీ బండ్లూ అడ్డురాని చోట, రెండు చివర్లా కోన్‌లు పెట్టి నడిపించాలి. చెన్నైలో కిక్కిరిసిన ఓపీలో 30 మీటర్ల ఖాళీ వరండా దొరకడం కష్టమే, ఒప్పుకుంటాం. అలాంటప్పుడు పొట్టి వరండాలోనే చేయొచ్చు, కాకపోతే ప్రతిసారీ అదే వరండాలో చేయాలి.

ఇంకో మూడు సంగతులు కూడా చూడండి. మొదటిది, అలవాటు. ఈ పరీక్ష రెండోసారి చేస్తే చాలామంది ఎక్కువ దూరం నడుస్తారు. సీఓపీడీలో ఆ పెరుగుదల సగటున 26 మీటర్లు. ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎంత వేగం తట్టుకోగలరో మొదటిసారికే తెలిసిపోతుంది మరి. అందుకే 2014లో యూరోపియన్, అమెరికన్ శ్వాసకోశ సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో పరీక్ష రెండుసార్లు చేసి, ఎక్కువ వచ్చిన దూరాన్నే తీసుకోమన్నారు. మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలి. మీ రెండు రిపోర్టుల్లోనూ ఒక్కొక్క నడకే ఉంది.

రెండోది, పక్కన నడిచేవాళ్లు. ఆక్సిజన్ సిలిండరో ఆక్సీమీటరో పట్టుకుని టెక్నీషియన్ పక్కనే నడిస్తే, రోగి తెలియకుండానే ఆయన అడుగులో అడుగు వేస్తాడు. అప్పుడు కొలిచేది టెక్నీషియన్ వేగాన్ని. నడవాల్సివస్తే రోగి వెనకాల నడవాలి. మూడోది, మాటలు. నిమిషానికొకసారి “బాగా నడుస్తున్నారు, ఇంకా 5 నిమిషాలు ఉంది” అన్నట్టు రాసిపెట్టిన వాక్యాలే, మామూలు గొంతుతో చెప్పాలి. ఒకచోట క్రికెట్ మ్యాచ్‌లోలా అరిచి ఉత్సాహపరిచి, ఇంకోచోట ఫోన్ చూస్తూ కూర్చుంటే దూరాలు కలవవు.

తేడా సరిగ్గా 60 మీటర్లు వస్తే మాత్రం లెక్కే తప్పిందని అనుమానించాలి. 30 మీటర్ల ట్రాక్‌లో ఒకసారి వెళ్లిరావడం 60 మీటర్లు. ఒక రౌండుకు టిక్కు పెట్టడం మర్చిపోతే పోయేది సరిగ్గా అంతే.

మీరు చేయాల్సింది: ఆపరేషన్ ఎక్కడ చేయించదలచుకున్నారో అక్కడే, ఒకే పూట రెండు నడకలు చేయించమని అడగండి. పాత రెండు కాగితాలూ డాక్టరుగారి ముందు పెట్టేటప్పుడు ట్రాక్ పొడవు మీద పెన్నుతో సున్నా చుట్టండి.

ప్రశ్న: మా ఆవిడకు వచ్చే మంగళవారం ఈ పరీక్ష ఉంది. పరగడుపున వెళ్లాలా? ఏం కట్టుకోవాలి? మందులు ఆపాలా?
– నెల్లూరు నుంచి వచ్చి గ్రీమ్స్ రోడ్డు దగ్గర ఉంటున్న పాఠకుడు

జవాబు: పరగడుపు అక్కర్లేదు. రెండిడ్లీలు తిని వెళ్లొచ్చు. కడుపునిండా భోంచేసి మాత్రం వెంటనే వద్దు. రోజూ వేసుకునే మందులు ఆపకండి. ఇన్హేలర్ కూడా మామూలు వేళకే. ఎన్నింటికి వాడారో చెప్తే రాసుకుంటారు. పరీక్షకు ముందు 2 గంటల్లో ఒళ్లలిసే పని చేయకూడదు. చెన్నైలో ఈ నియమం తప్పేది ఎక్కడంటే, బస్సు దిగి ఎండలో నడిచి, లిఫ్టు దగ్గర క్యూ చూసి మెట్లెక్కి, చెమటలు కక్కుకుంటూ వెళ్లి నిలబడతారు. ఆటో ఎక్కించి అరగంట ముందే చేర్చండి. నడక మొదలుపెట్టే చోటే కనీసం పది నిమిషాలు కుర్చీలో కూర్చోవాలి. వార్మప్ నడక ఉండదు.

చెప్పుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. హవాయి చెప్పులు వేసుకున్నవాళ్లు కాలి బొటనవేలితో చెప్పును పట్టుకుని నడుస్తారు. అడుగు పొట్టిదవుతుంది, మలుపు దగ్గర చెప్పు పక్కకు జారుతుంది, ఆగి సర్దుకుంటారు, ఈలోగా గడియారం ఆగదు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో, కాన్వాసు బూట్లో వేయించండి. తర్వాతి పరీక్షలకూ అవే. చీరైతే కుచ్చిళ్లు పాదాల మీదికి జీరాడకుండా కాస్త పైకి దోపుకుంటే సరిపోతుంది. ఆక్సీమీటరు పెట్టే వేలికి గోళ్లరంగు తీసేయండి. ఏసీ గదిలో చేతులు చల్లబడితే రుద్ది వెచ్చబరచండి, చల్లటి వేలిలో అంకె సరిగా రాదు.

ఆవిడకు ముందే ఒక మాట తెలియాలి: ఇది షికారు నడక కాదు. ఆరు నిమిషాల్లో వీలైనంత ఎక్కువ దూరం నడవాలి, పరుగెత్తకూడదు. ఆయాసం వస్తే వేగం తగ్గించొచ్చు, ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, తేరుకోగానే మళ్లీ మొదలుపెట్టాలి. ఆగినంతసేపూ స్టాప్‌వాచ్ నడుస్తూనే ఉంటుంది. “మామూలుగా నడవండి” అని ఎవరైనా చెప్తే అది తప్పు సూచన. మనవాళ్లు ఆ మాట నమ్మి గుడి ప్రదక్షిణలా నడిచి, దూరం పోగొట్టుకుంటారు. నడుస్తూ కబుర్లొద్దు. మీరు కూడా పక్కనుంచి పలకరించకండి.

టెక్నీషియన్ అడక్కపోయినా మీరే చెప్పాల్సినవి: గత నెలలో గుండెపోటు గానీ, కూర్చున్నప్పుడు కూడా వచ్చే ఛాతీనొప్పి గానీ ఉంటే ఈ పరీక్ష చేయరు. కూర్చుని ఉన్నప్పుడే నాడి 120 దాటినా, బీపీ 180/100 దాటినా డాక్టరుని అడక్కుండా నడిపించరు. క్యాన్సర్ తొడ ఎముకకో వెన్నుపూసకో పాకిందని స్కాన్‌లో ఉంటే అది తప్పకుండా చెప్పండి. బలహీనపడిన ఎముక మీద గబగబా నడిపించే ముందు డాక్టరు ఒకసారి చూడాలి.

ప్రశ్న: అమ్మ రిపోర్టులో “ఆక్సిజన్ 96 నుంచి 86, బోర్గ్ ఆయాసం 4, కాళ్ల అలసట 7, అంచనాలో 71 శాతం” అని ఉంది. దూరం పర్వాలేదన్నారు. అయితే మంచిదేనా?
– పెరంబూరు

జవాబు: దూరం ఒక్కటే చూసి పక్కన పెట్టాల్సిన రిపోర్టు కాదిది. నడకలో ఆక్సిజన్ 4 శాతమో అంతకు మించో తగ్గి 90 కిందికి దిగితే దానికి కారణం వెతకాలి. అమ్మకు 10 శాతం తగ్గింది. ఛాతీలో నీరు చేరిందా, రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి వాచిందా, రక్తం గడ్డ ఏమైనా చేరిందా, ముందునుంచే సీఓపీడీ ఉందా అన్నది డాక్టరు తేల్చాలి. వారం ఆగకుండా రిపోర్టు చూపించండి. చివర్లో ఎంత ఉందన్నది కాదు, మధ్యలో పడిపోయిన అతి తక్కువ అంకె ముఖ్యం. ఆగాక అర నిమిషంలోనే ఆక్సిజన్ పైకెక్కేవాళ్లుంటారు. 80 కన్నా కిందికి దిగితే పరీక్ష ఆపేయాలి. ఆరు నిమిషాల్లోపే 85కు తేరుకుంటే మళ్లీ నడవమంటారు.

బోర్గ్ అంటే ఆయాసం, అలసట ఎంతుందో రోగే అంకెలో చెప్పడానికి 0 నుంచి 10 దాకా ఉండే పట్టిక. 0 అంటే ఏమీ లేదు, 3 అంటే ఓ మోస్తరు, 5 అంటే ఎక్కువ, 7 చాలా ఎక్కువ, 10 ఇక తట్టుకోలేనంత. అమ్మను ఆపింది ఊపిరికన్నా కాళ్లే అని ఈ రెండంకెలు చెప్తున్నాయి. అప్పుడు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి, తొడ కండరాల బలం చూడాలి, సిస్‌ప్లాటిన్, పాక్లిటాక్సెల్ లాంటి మందుల వల్ల అరికాళ్లు మొద్దుబారాయేమో అడగాలి.

ఇక్కడే చెన్నైలో మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. మనకు ఆయాసమంటే ఊపిరి అందకపోవడం. తమిళంలోనూ ఆయాసం అనే మాట ఉంది గానీ అక్కడ దానికి అలసట అనే అర్థం. అమ్మ “ఆయాసంగా ఉంది” అంటే తమిళ ఫిజియో దాన్ని అలసట గడిలో రాసుకునే ప్రమాదం ఉంది. ఊపిరి సంగతైతే “మూచ్చు వాంగుదు” అనాలి. మాటలతో అవస్థ ఎందుకనుకుంటే, పట్టిక మీద అంకెను వేలితో చూపించి, తర్వాత అదే చెయ్యి గుండెల మీదో తొడ మీదో పెట్టి చూపించమనండి. ఈసారి అలా చేశాక 4, 7 తారుమారైతే ఆశ్చర్యపోకండి.

అంచనాలో శాతం (అదే ఎత్తు, వయసు, బరువు ఉన్న ఆరోగ్యవంతులు నడుస్తారనుకునే దూరంలో ఎంత శాతం) అన్నది సూత్రాన్ని బట్టి మారుతుంది. ఎక్కువగా వాడే సూత్రం 1998లో అమెరికాలోని ఆరోగ్యవంతుల మీద కట్టింది. మగవాళ్లకు: ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 7.57తో గుణించి, అందులోంచి వయసును 5.02తో, బరువును 1.76తో గుణించి తీసేసి, ఇంకో 309 తీసేయాలి. కొళత్తూరు పాఠకుడి నాన్నగారికి ఇది వేస్తే 499 మీటర్లు వస్తుంది. 153 తగ్గిస్తే కింది హద్దు 346. ఆయన 396 ఆ హద్దుకు పైన, 338 కింద! అదే మనిషి, అదే వారం, వరండా మారేసరికి “మామూలు” కాస్తా “తక్కువ” అయింది. భారతీయుల కోసం వేరే సూత్రాలు కూడా వచ్చాయి. మీ ఆసుపత్రి ఏది వాడిందో అడగండి. అడగడం కుదరకపోతే శాతాన్ని వదిలేసి మీటర్లే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఆరు నిమిషాలే ఎందుకు?
– తండయార్‌పేట

జవాబు: 1976లో బ్రిటన్‌లో దీర్ఘకాలిక బ్రాంకైటిస్ రోగులకు 12 నిమిషాల నడక పెట్టారు. రోగులూ అలిసిపోయారు, కొలిచేవాళ్లూ అలిసిపోయారు. 1982లో 2, 6, 12 నిమిషాల నడకలను పోల్చి చూస్తే ఆరుతో పని జరిగిపోతుందని తేలింది.

ప్రశ్న: అన్నయ్యకు ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసేయాలన్నారు. ఊదే పరీక్షలో 68 శాతం వచ్చింది. దానికేదో లెక్క కట్టి, మెట్లెక్కాలి, లేకపోతే బీప్ శబ్దానికి నడవాలి అన్నారు. ఆరు నిమిషాల నడక చేశాం కదా, మళ్లీ ఇవెందుకు? మా అపార్ట్‌మెంట్లో ఏడంతస్తులు ఎక్కించి చూద్దామా?
– అన్నానగర్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. ఆక్సీమీటరూ, పక్కన వైద్య సిబ్బందీ లేకుండా క్యాన్సర్ రోగిని ఏడంతస్తులు ఎక్కించడం ప్రాణం మీదికి తెస్తుంది.

లెక్క ఇలా కడతారు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలు: కుడివైపు పైన 3, మధ్యలో 2, కింద 5, ఎడమవైపు పైన 5, కింద 4. అన్నయ్యకు తీసేది 5. మిగిలేవి 19లో 14. 68ని 14తో గుణించి 19తో భాగిస్తే 50. అంటే ఆపరేషన్ తర్వాత మిగిలే ఊదే శక్తి సుమారు 50 శాతం. డీఎల్‌సీఓ అనే వాయుమార్పిడి పరీక్షకూ ఇదే లెక్క. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఛెస్ట్ ఫిజీషియన్స్ 2013 మార్గదర్శకాల్లో ఈ రెండూ 60 దాటితే ఇంకే పరీక్షా లేకుండా ఆపరేషన్‌కు వెళ్లొచ్చు. ఏదైనా 60 లోపుంటే, రెండూ 30కి పైనే ఉంటే మెట్లో షటిల్ నడకో (బీప్ శబ్దానికి నడిచేది) చేయిస్తారు. ఏ ఒక్కటి 30 కిందికి దిగినా నేరుగా సైకిలో ట్రెడ్‌మిల్లో ఎక్కించి మాస్కుతో ఆక్సిజన్ వాడకం కొలుస్తారు. అందులో కిలో బరువుకు నిమిషానికి 20 మిల్లీలీటర్లు దాటితే ముప్పు తక్కువ, 10 లోపైతే ముప్పు బాగా ఎక్కువ.

మెట్ల హద్దు 22 మీటర్ల ఎత్తు. అంతస్తుకు 3 మీటర్లు వేసుకుంటే ఏడంతస్తులకు కాస్త పైన. షటిల్ నడక హద్దు 400 మీటర్లు. రెండు కోన్‌ల మధ్య 9 మీటర్లు, వాటి చుట్టూ తిరగడంతో కలిపి ఒక్కో దూరం 10 మీటర్లు. బీప్ మోగేసరికి అవతలి కోన్ చేరాలి. నిమిషానికోసారి వేగం పెరుగుతుంది. బీప్ మోగినప్పుడు కోన్‌కు అర మీటరు కన్నా దూరంలో ఉండిపోతే ఆట ముగిసినట్టే. ఆరు నిమిషాల నడకలో వేగం రోగి చేతిలో ఉంటుంది, తనకు తట్టుకోగలిగినంతే నడుస్తాడు. షటిల్‌లో వేగం బీప్ చేతిలో ఉంటుంది, కాబట్టి గుండె, ఊపిరి అసలు ఎంతదాకా సాగుతాయో బయటపడుతుంది. ఛాతీ కోసే ముందు సర్జన్‌కు కావాల్సింది అదే.

ఈ హద్దులు అందుకోకపోతే ఆపరేషన్ లేనట్టేనని అనుకోకండి. తర్వాతి మెట్టు పరీక్షకు పంపుతారు, అంతే. సమయముంటే రెండు, మూడు వారాలు నడక, కాళ్ల వ్యాయామం చేయించి మళ్లీ కొలుస్తారు. ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల డబ్బా పీల్చడం మంచిదేగానీ, అది నడకకు బదులు కాదు.

ప్రశ్న: మా మామగారిని ఓపీలో చూసి, ఏ పరీక్షా చేయకుండానే డాక్టరుగారు “ఈకాగ్ 2” అని రాశారు. దాని మీదే కీమో నిర్ణయమట. రెండు నిమిషాలు చూసి ఎలా చెప్తారు?
– టి.నగర్

జవాబు: రోగి రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో చెప్పే అంకె ఈకాగ్. దాన్ని చూసి కాదు, మీరు చెప్పింది విని రాస్తారు. ఇబ్బంది అక్కడే. ఈకాగ్‌లో 0 అంటే జబ్బుకు ముందులాగే ఉన్నాడు. 1 అంటే బరువు పనులు చేయలేడు, తేలిక పనులు చేసుకుంటాడు. 2 అంటే తన పనులు తాను చేసుకుంటాడు గానీ ఉద్యోగం, వ్యాపారం చేయలేడు, మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి లేచి తిరుగుతాడు. 3 అంటే ఆ సగానికి మించి మంచంలోనో కుర్చీలోనో గడుపుతాడు. 4 అంటే పూర్తిగా మంచాన పడ్డట్టు. 2కీ 3కీ మధ్య గీత మీదే చాలా కీమో నిర్ణయాలు ఆధారపడతాయి.

మన ఇళ్లలో “బాగానే తిరుగుతున్నారండీ” అనేస్తాం. కీమో ఆపేస్తారేమోనని భయం, పెద్దాయన ముందు ఇంకోలా చెప్పడానికి మొహమాటం. దాంతో ఒంటికి తట్టుకోలేని మోతాదు పడుతుంది. అపాయింట్‌మెంటుకు ముందు మూడు రోజులు ఒక కాగితం మీద లెక్క రాయండి: ఎన్నింటికి లేచారు, ఎన్ని గంటలు పడుకునో వాలుకుర్చీలోనో ఉన్నారు, స్నానానికి సాయం కావాల్సొచ్చిందా, పాల ప్యాకెట్టుకు కిందికి వెళ్లారా. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా మెలకువ 16 గంటలైతే, 9 గంటలు మంచంలో గడిపినాయన 2 కాదు, 3. ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి, నోటితో చెప్పే పని ఉండదు.

ప్రశ్న: అమ్మ వరండాలో బాగానే నడుస్తుంది. కుర్చీలోంచి, బాత్‌రూమ్‌లోంచి లేవలేకపోతోంది. నడక పరీక్షలో ఇది తెలుస్తుందా?
– వేలచ్చేరి

జవాబు: తెలియదు, అందుకే కుర్చీ పరీక్ష వేరే ఉంది. చేతుల్లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది, వద్దు. అమ్మ చేతులు రెండూ భుజాల మీద అడ్డంగా పెట్టుకుని ఐదుసార్లు పూర్తిగా నిలబడి కూర్చోవాలి. మొదటిసారి లేవబోతున్నప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, ఐదోసారి నిటారుగా నిలబడగానే ఆపండి. మోకాళ్లు వంగి ఉండగానే కూర్చుంటే అది లెక్కలోకి రాదు. ఆసియా దేశాలకు 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే కండబలం తగ్గినట్టు. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే దాన్నే అలాగే రాసుకోండి. మీరు ముందు నిలబడి, పడకుండా చూసుకోండి.

నడక బాగుండి లేవడం మాత్రమే కష్టమైతే తొడ, తుంటి కండరాల బలహీనత కావచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దీనికి రెండు కారణాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకటి డెక్సామెథసోన్. కీమో రోజుల్లో వేసే కొద్దిపాటి మోతాదుతో కాదు, మెదడులో వాపు కోసం వారాల తరబడి వాడితే తొడ కండరాలు కరుగుతాయి. మీకు మీరే మానేయకూడదు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. డాక్టరుతో చెప్పి తగ్గించుకోవాలి. రెండోది చిన్న కణాల క్యాన్సర్‌లో అరుదుగా వచ్చే లాంబర్ట్-ఈటన్ అనే నరాల, కండరాల జబ్బు. దాంతోపాటు నోరు ఎండిపోవడం, కొందరికి రెప్పలు వాలడం ఉంటాయి. ఇవి కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించమని అడగండి.

ప్రశ్న: ఇంట్లో నెలకోసారి మేమే ఆరు నిమిషాల నడక చేసి రాసుకోవచ్చా? ఫోన్‌లో యాప్ ఉంది. పార్కులో చేస్తే?
– మైలాపూరు

జవాబు: ఆరు నిమిషాల నడకను ఆసుపత్రికే వదిలేయండి. ఇంట్లో చేసుకోదగ్గది 4 మీటర్ల నడక. వరండాలో 8 మీటర్లు కొలిచి, మొదటి 2 మీటర్ల దగ్గరా 6 మీటర్ల దగ్గరా ఛాక్‌పీసుతో గీతలు గీయండి. మొదటి నుంచి చివరిదాకా మామూలు వేగంతో నడవమని చెప్పి, కాలు మొదటి గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దాటగానే ఆపండి. రెండుసార్లు చేసి తక్కువ సమయం రాసుకోండి. 4 సెకన్లయితే సెకనుకు ఒక మీటరు, 5 అయితే 0.8. ఆసియా ప్రమాణాల్లో సెకనుకు ఒక మీటరు కన్నా తక్కువైతే నెమ్మది నడక కింద లెక్క. చాలామంది చేసే తప్పు, రెండో గీత దగ్గరే ఆగమనడం. అలా చెప్తే మనిషి ముందే వేగం తగ్గించేస్తాడు.

యాప్‌లు జీపీఎస్ మీద ఆధారపడతాయి, ఇంట్లోనూ ఎత్తైన భవనాల మధ్యా దూరాన్ని తప్పు చూపిస్తాయి. అడుగుల లెక్క మాత్రం వారం సగటుగా చూస్తే పనికొస్తుంది. ఒక్క షరతు, ఫోన్ రోజూ ఒకే జేబులో ఉండాలి. నడిచి అలవాటు చేసుకోవడానికి మీ మైలాపూరు లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కు హాయిగా ఉంటుంది (అమృతాంజనం పంతులుగారి పేరే అది), టి.నగర్ వాళ్లకు పానగల్ పార్కు ఉంది. మెరీనా ఇసుకలో నడిచి దూరం కొలవకండి, అది వేరే కష్టం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న ఏడింటిలోపే ముగించండి.

ప్రశ్న: చేతికర్ర వాడితే మార్కులు తగ్గుతాయా? ట్రెడ్‌మిల్ మీద చేయొచ్చా?
– ఆవడి

జవాబు: రోజూ కర్రతో నడిచేవాళ్లు కర్రతోనే నడవాలి, రిపోర్టులో ఆ మాట రాయించండి. ఆక్సిజన్ వాడేవాళ్లకు ఎన్ని లీటర్లో, సిలిండర్ ఎవరు మోశారో కూడా. ట్రెడ్‌మిల్ వద్దు, దూరం తక్కువ వస్తుంది, వరండా నడకతో పోల్చలేం.

ప్రశ్న: కీమో రెండు విడతలయ్యాక నాన్న దూరం 410 నుంచి 385కు వచ్చింది. ఎంత తగ్గితే నిజంగా తగ్గినట్టు?
– అంబత్తూరు

జవాబు: ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లోనే చూసి, 22 నుంచి 42 మీటర్ల మార్పు, అంటే సుమారు 9.5 శాతం, రోగికి తేడాగా అనిపించేంతదని 2015లో తేల్చారు. మీ నాన్నగారిది 25 మీటర్లు, 6 శాతం. గీత అంచున ఉంది. కొట్టిపారేయొద్దు, కంగారూ వద్దు. ముందు తేదీలు చూడండి. 21 రోజుల విడతలో ఐదోరోజు కొలిచినదాన్నీ ఇరవయ్యో రోజు కొలిచినదాన్నీ పోల్చకూడదు. ప్రతిసారీ తర్వాతి కీమోకు ముందురోజో, ఆరోజు ఉదయమో చేయించండి. అదే రోజు హిమోగ్లోబిన్ పక్కనే రాయండి. గెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు వాడేవాళ్లయితే కాలిగోళ్ల అంచులు చూడండి. గోరు పక్కన పుండు పడితే ఊపిరితిత్తి ఎంత బాగున్నా అడుగు పడదు.

వచ్చే నెల పరీక్ష దాకా ఆగకూడని సందర్భాలు మాత్రం ఉన్నాయి. నిన్నటిదాకా నడిచిన మనిషి ఇవాళ నాలుగడుగులకే ఊపిరాడక ఆగిపోతే, ముఖ్యంగా ఒక కాలు మాత్రమే వాచి ఉంటే, ఊపిరితిత్తిలో రక్తం గడ్డ అయ్యుండొచ్చు. వెన్నునొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగించినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. కొత్తగా ఒకవైపుకు తూలుతుంటే మెదడు స్కాన్ కావాలి. ఈ మూడింట్లో ఏదొచ్చినా రాత్రి అయినా సరే, ఆదివారమైనా సరే, నడిపించి చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 108కి ఫోన్ చేసి, క్యాన్సర్ పేషెంట్ అని ముందే చెప్పండి. కీమో ఫైలు చేతిలో ఉంచుకోండి.